పొద్దుటి హాజరు

లాన్సెస్టన్,
జులై 7, 2023, శుక్రవారం.

డెస్మండ్ ప్రౌస్ గారికి,

నది అవతల మీరు కులాసాగా ఉన్నారని విన్నాను, సంతోషం. ఇవతల నేను మన జులై నడిచలికాలంలో వణుకుతూ క్షేమం. ఫోను ఎత్తరు కనక పాత టైపు మిషను దులిపాను. అక్షరాలు కనపడకపోయినా వేళ్లకు గుర్తున్నాయి.

ఇంటర్నెట్‌లో అందరూ రాసుకునే ఆ కంపెనీ గోడ మీది రాతలను మా గుడ్డివాళ్లకు చదివి వినిపించే నీ కరావాంగ్ యాప్ మూతపడి వారమైంది. బయటివాళ్ల యాప్‌లన్నిటికీ కంపెనీ తలుపు వేస్తుంటే నువ్వొక్క కేకైనా పెట్టలేదు. రెండు వాక్యాల ప్రకటన పడేసి కూర్చున్నావు. ముప్పై ఏళ్లు లైబ్రరీలో పనిచేసినవాణ్ణి, పిరికితనం మీద చాలా పుస్తకాలు చదివాను. ఇంత పొట్టిది చూడలేదు.

కంపెనీ సొంత యాప్ మాకేం చదువుతుందో తెలుసా? బటన్, బటన్, బటన్. ఏ బటనో చెప్పదు. ఒంటరిగా ఉండే మేం పదకొండుమందిమి రోజూ పొద్దున ఎనిమిదింటికి ఆ గోడ మీదే హాజరు వేసుకునేవాళ్లం కదా. "ఏం ముసలాడా, ఇంకా ఉన్నావా?" అని మెర్ల్ మొదలుపెట్టేది. నీకంటే ఒకరోజు ఎక్కువే ఉంటానని నేననేవాణ్ణి. పది గంటలైనా ఎవరైనా పలకకపోతే, నీ దగ్గరున్న చిరునామాల పట్టిక చూసి పక్కింటివాళ్లను లేపేవాడివి.

శనివారం నుంచి మెర్ల్ పలకడం లేదు. ఆమె గుండె సంగతి నీకు తెలుసు. రోజూ తడుముకుని "ఉన్నాను" అని పంపుతున్నాను. ఆమె రాయలేదో, రాసినా ఈ యాప్ నాకు చదవడం లేదో తెలియదు. కెటిల్ కూసినా ఉలిక్కిపడుతున్నాను. యాప్ మూయమన్నారు గాని పట్టిక చింపమనలేదు కదా. మెర్ల్ చిరునామా పంపు. తర్వాత నాతో మాట్లాడనక్కర్లేదు.

ఒకప్పటి స్నేహితుడు,
క్లైవ్ హార్ట్‌నాల్

తా.క.: కవరు అంటిస్తుంటే తలుపు తట్టారు. పోలీసతను. "హమ్మయ్య, బతికే ఉన్నారా పెద్దాయనా? హాజరు వెయ్యడం లేదని ఎవరో ఒకటే గోల" అన్నాడు. నా ఫోను చూసి, వారం రోజుల "ఉన్నాను"లు ఒక్కటీ బయటికి వెళ్లలేదన్నాడు. నేను నొక్కింది వేరే బటనట. గోల పెట్టింది మెర్ల్. ఊరి కౌన్సిల్ వాళ్లను తిడుతూ నేనెప్పుడో రాసినదాంట్లోంచి మా వీధి పేరు గుర్తుపెట్టుకుందట. ఆమె వీధేదో నేను ఎప్పుడూ అడగలేదు. తన చిరునామా చెప్పేలోపే లైను తెగిందట, నంబరూ పడలేదట. ఎప్పుడు చేసిందని అడిగాను. మంగళవారం అన్నాడు.

ఒరేయ్ డెస్మండ్, ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. నువ్విది చదివేటప్పుడు నీ గుమ్మంలోనే ఉంటాడు. చిరునామా చెప్పు.