మామగారు ఫోర్కు దించేలోపు

ఏవండీ, నేను అత్తగారితో ముందు వెళ్తున్నాను. వేట నుంచి రాగానే ముందు కడుపు నింపుకుని, ఆ తర్వాతే విందుకి రండి. మామగారు మహారాజు కాబట్టి వడ్డన ముందు ఆయనకే. ఆయన గబగబా మింగి ఫోర్కు దించగానే నౌకర్లు అందరి పళ్లేలూ లాగేస్తారు. నిన్న చివర కూర్చున్న మనకు దక్కింది వాసనే. బిషప్పుగారి ప్రార్థన మధ్యలో నా కడుపు గుర్రుమంటే, "క్షమించండి, అది నా కడుపండీ" అన్నారు మీరు. ఆ ఒక్క మాటకి మిమ్మల్ని మళ్లీ పెళ్లాడొచ్చు.

అత్తగారి కుక్క కంటపడకుండా సాసేజీలు మీ ఈకల టోపీలో దాచాను. అన్నీ మీరే లాగించెయ్యకుండా నాకో రెండు జేబులో వేసుకురండి. మనం గద్దెనెక్కాక, ఆ చివరివాళ్లు తినేదాకా నేను ఫోర్కు దించితే ఒట్టు.

థెక్లా

ఇది చూసేలోపే టోపీ పెట్టేసుకున్నారా? అయితే తల వంచకండి. ఆవపచ్చడి కూడా అందులోనే పోశాను.