హాకీ కార్డులు ఎవరికి చెందాలి

సికింద్రాబాద్, రాంగోపాల్‌పేట్‌లో కాపురముంటున్న వడ్రంగి శ్రీరామోజు బ్రహ్మచారి గారి కుమారుడిని, ఇంటర్మీడియట్ విద్యార్థిని, పద్దెనిమిదేళ్లు నిండినవాడిని అయిన జనార్దనాచారి అనే నేను రాసి ఉంచుతున్న వీలునామా ఇది. రాసే వేళకు నాకు జ్వరం లేదు. భయం ఉంది గాని అది ఊరందరికీ ఉన్నదే. రాయమని ఎవరూ బలవంతం చేయలేదు. వద్దని మాత్రం ఇంట్లో అందరూ బలవంతం చేస్తున్నారు. మతి స్థిరంగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి పొద్దున త్రికోణమితి లెక్క ఒకటి చేశాను. సరిగానే వచ్చింది.

కారణం చెప్పాలి. సోమవారం నుంచి నిజాం రాజ్యం మీదికి ఇండియన్ యూనియన్ సైన్యం షోలాపూర్ దిక్కు నుంచి వస్తున్నదని ఒక రేడియో, రావడం లేదని ఇంకొక రేడియో చెబుతున్నాయి. కాలేజీ మూశారు. మా పెంకుల మీదుగా విమానాలు పోతున్నాయి. ఏ విమానం ఏం పడేస్తుందో తెలియదు కనుక, అది పడకముందే ఆస్తి సర్దుకోవడం నా బాధ్యత అనుకున్నాను. "ఏందిరా గిది? మీసాలే సక్కగ రాలే, నీకు వీలునామా గావాల్నా?" అని నాయన అడిగాడు. మీసానికీ మరణానికీ సంబంధం లేదని మనవి చేసుకున్నాను. "సచ్చేదేదో జెర తిని సావరాదు, అన్నం సల్లారుతుంది" అన్నది మా అమ్మ శ్యామలమ్మ. తిని వచ్చి కూర్చున్నాను.

దీన్ని అమలు జరపవలసినవారు మా పక్కింటి తుకారాం అన్న. ఆయన వకీలు గారి దఫ్తరంలో కాగితాలు రాసే మున్షీ. "నంబర్లేసి రాయి తమ్మీ. నంబర్లుంటే జడ్జి సాబ్‌కు నిద్ర రాదు" అని ఆయనే చెప్పాడు. వాళ్ల దఫ్తరంలో వీలునామాలన్నీ ఉర్దూలో ఉంటాయి. నేనూ పరీక్షలు ఉర్దూలోనే రాశాను. కాని పంచిపెట్టేటప్పుడు మాత్రం నాకు ముద్దొచ్చే మాటలతో పంచాలనిపించింది.

1. నా స్వార్జితం. ఈ మాట ఈమధ్యే నేర్చుకున్నాను. దాన్ని వాడుకోవడానికి తగిన ఆస్తి నాకు ఒక్కటే ఉంది: హాకీ కార్డుల కట్ట. టోర్నమెంటు జరిగినప్పుడల్లా స్టూడియో వాళ్లు ఆటగాళ్ల ఫొటోలను చిన్న అట్టల మీద వేసి గ్రౌండు గేటు దగ్గర అమ్ముతారు. కార్డు ఎవరైనా కొంటారు. ఆట ముగిశాక చెమట కారుతూ బయటికి వచ్చే మనిషిని ఆపి, ఆ కార్డు మీద దస్కత్, అంటే సంతకం, చేయించడమే విద్య.

దస్కత్ ఒక్కటే చాలదు. అది చేస్తుండగా కళ్లారా చూసినవాడు కార్డు వెనుక తన పేరు రాయాలి. అతణ్ని గవాహీ అంటాం. గవాహీ ఉన్న కార్డు పక్కా, లేనిది కచ్చా. ఎవడైనా అనుమానపడితే ఆ గవాహీ వచ్చి "అవ్, నేను జూసిన" అని నోటితో చెప్పాలి. ఊళ్లో లేకపోతే చెప్పలేడు. అప్పుడు పక్కా కార్డు సైతం కచ్చా అయిపోతుంది. మా క్లాసువాడొకడు తండ్రికి బదిలీ అయి వరంగల్ వెళ్లిపోతే, అతను గవాహీగా ఉన్న కార్డులన్నీ ఒక్క పూటలో అట్టముక్కలయ్యాయి. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు. అందరం పాటిస్తాం.

నా కార్డులన్నిటి వెనుకా ఉన్న పేరు ఇస్మాయిల్. అతని కార్డులన్నిటి వెనుకా ఉన్నది నా పేరు.

2. పై కట్టను యావత్తూ నా స్నేహితుడు ఇస్మాయిల్‌కు రాస్తున్నాను. ఇతను బన్సీలాల్‌పేట్ టైలర్ పీర్ మహమ్మద్ గారి కుమారుడు. దారులు తెరుచుకోగానే వాళ్ల కుటుంబం కరాచీ వెళ్లాలని పీర్ మహమ్మద్ గారు నిశ్చయించారు. "ఈడ ఏమైతదో ఎవ్వలికెర్క, అంటుండు మా అబ్బా. మామూ ఆడ ఇల్లు జూస్తుండంట" అని ఇస్మాయిల్ నాతో, సైకిలు పంక్చరైన సంగతి చెప్పినట్టు చెప్పాడు. ఆడ హాకీ ఉందా అని అడిగాను. "ఉంటది. గవాహీలే ఉండరు" అన్నాడు.

కనుక ఈ దానానికి ఒక షరతు. ఇస్మాయిల్ స్వయంగా వచ్చి కట్ట తీసుకోవాలి, సికింద్రాబాద్‌లోనే ఉంటూ అనుభవించాలి. పార్సెలు చేయరాదు. ఈ షరతు కేవలం కార్డుల క్షేమం కోసం పెట్టినది. సముద్రపు గాలికి సిరా నిలవదని విన్నాను.

3. నాయనకు నా హాకీ కర్ర. అది ఒక సిపాయి విరగ్గొట్టుకుని మా కొట్లో పారేసిపోయినది. నాయన దాన్ని అతికి, పిడికి గుడ్డ చుట్టి, నా చేతికిచ్చి, "ఇగ ఇరగది. నీ ఆటకైతే అస్సలిరగది" అన్నాడు. ఆయన మాట నిజమే అయింది. కర్ర ఇప్పటికీ కొత్తదిలా ఉంది.

4. అమ్మకు నా రేకు పెట్టె. తాళం పోయింది. అందులో ఏం దాచానో వెతికే శ్రమ ఇకపై ఆమెకు ఉండదు, ఇదివరకూ లేదు.

5. పీర్ మహమ్మద్ గారికి, ఆయన కుట్టిన జట్టు చొక్కా. కాలేజీ జట్టులో నేను అదనపు ఆటగాణ్ని. ఎవరికైనా దెబ్బ తగిలితే దిగాలి, ఎవరికీ తగల్లేదు. కొలతలు తీసుకునేటప్పుడే ఆయన, "ఫికర్ జెయ్యకు బేటా, బెంచి మీద కూసునేటోని అంగీ నలగది, పదేండ్లొస్తది" అన్నారు. అప్పుడు కోపమొచ్చింది. ఇప్పుడు పోయింది. ఎడమ చెయ్యి పొడుగైందన్న ఫిర్యాదు మాత్రం ఉపసంహరించుకోవడం లేదు. వచ్చి సరిచేయాలంటే ఆయన కూడా ఈ ఊళ్లోనే ఉండవలసి వస్తుంది.

6. నా సహాధ్యాయి జ్ఞానశేఖర్‌కు సిరాబుడ్డి. ఇతని దగ్గరున్న ఫార్వర్డు జకర్యా కార్డు మీది దస్కత్‌ను ఇతను ఇంట్లో కూర్చుని తనే పెట్టుకున్నాడు. గవాహీ ఎవరంటే వాళ్ల నాయనమ్మ అన్నాడు. ఆమెకు కళ్లు కనపడవు. ఇంకా సాధన అవసరం కనుక సిరా ఇస్తున్నాను. మతి స్థిరంగా ఉండగానే ఇస్తున్నాను.

7. ఇంతవరకు రాశాక ఒక చిక్కు వచ్చింది. స్టాంపు కాగితం మరొకటి దొరకదు కనుక రెండో అంశాన్ని కొట్టేయకుండా, జరిగినది ఇక్కడ రాస్తున్నాను.

మధ్యాహ్నం ఇస్మాయిల్ వచ్చాడు. మొత్తం చదివి వినిపించాను. కరాచీ ముచ్చట వచ్చిన చోట కిటికీలోంచి బయటికి చూశాడు. జ్ఞానశేఖర్ దగ్గర నవ్వాడు. అయిపోయాక, అలవాటు చొప్పున కాగితం అతని వైపు తిప్పాను. అలవాటు చొప్పున అతను కింద గవాహీగా పేరు రాశాడు. ఇందులో తప్పుందని ఇద్దరికీ తోచలేదు. కార్డులు మార్చుకునేటప్పుడు తీసుకునేవాడే గవాహీ అయితే మాలో ఇంకా మెచ్చుకుంటారు.

దఫ్తరం మూసి వచ్చిన తుకారాం అన్న అది చూసి తల పట్టుకున్నాడు. "అరే, ఖతం! గవాహీ జేసినోనికి ఆస్తి రాదు తమ్మీ. వారసుడన్న గావాలె, గవాహీ అన్న గావాలె. ఈ పేరు కొట్టేయుండ్రి, పాలాయన్ను పిలిచి పెట్టిస్త." పాలాయన హాకీ చూడడని నేనన్నాను. "ఆయన హాకీతోని నీకేం పని? గవాహీ అంటే రేపు కోర్టు పిలిస్తె వచ్చి నిలవడేటోడు. వారసుడు యాడున్నా నడుస్తది, కరాచీల ఉన్నా టప్పాల పంపొచ్చు. గవాహీ మాత్రం ఊర్ల దొరకాలె."

నేను పేరు కొట్టేయడానికి కలం తీశాను. ఇస్మాయిల్ ఆ పేరు మీద అరచెయ్యి పెట్టాడు. "కొట్టకు" అన్నాడు. "కార్డులు పోతయ్‌రా నీకు" అన్నాను. "పోనీ. కార్డులు నీ చెల్లె సుమిత్రకు రాస్కో. నేను గవాహీనే ఉంట." తుకారాం అన్న అతని ముఖం చూసి గొంతు తగ్గించి, "గట్లయితె పేరు కింద పతా రాయాలె బిడ్డా. మీ అబ్బా యాడికి పోతడో గాదు, నువ్వు యాడ దొరుకుతవో అది రాయాలె" అన్నాడు. ఇస్మాయిల్ నా చేతిలోంచి కలం తీసుకున్నాడు. రాశాడు. ఏం రాశాడో కింద ఉంది.

ఈ సంగతి పీర్ మహమ్మద్ గారికి ఇంకా తెలియదు. తెలిశాక ఆయన ఏమంటారనేది ఈ వీలునామా పరిధిలోకి రాదు. పొద్దుగూకే లోపల ఇద్దరం కలిసి వెళ్లి చెప్పబోతున్నాం.

8. కాబట్టి రెండో అంశం చెల్లదు. కార్డుల కట్ట నా చెల్లెలు సుమిత్రకు. "గా చెమట అట్టలు నాకెందుకన్నా, పెండ్లి పీట కింద పెట్టుకోవాల్నా?" అని ఆమె అడిగింది. పెట్టుకోవచ్చు. కాని కట్ట విప్పేటప్పుడల్లా ఇస్మాయిల్ ఎదురుగా ఉండాలి.

ఇందులో ఒక్క కార్డుకు మినహాయింపు. గోల్‌కీపర్ దేవసహాయం దస్కత్ చేస్తూ "ఎవరి పేరున రాయాలి?" అని అడిగితే నేను ఇస్మాయిల్ వైపు చూశాను. "ఇద్దరి పేర్న రాయుండ్రి సాబ్" అని ఇస్మాయిలే అన్నాడు. అలాగే రాశారు. సగం ముందే అతనిది కనుక దాన్ని నేను ఇవ్వడం లేదు, చట్టం ఆపడానికీ లేదు. ఆ కార్డు ఎవరి ఇంట్లో ఉండాలనేది ఇద్దరం బతికుండగా ఎన్నడూ తేల్చుకోలేదు. ఇకముందూ తేల్చుకునే ఉద్దేశం లేదు.

పైన రాసినదంతా నా ఎరుకలో, నా చేత్తో రాసినది. ఒకవేళ నేను చావకపోతే ఇవన్నీ నావే.

సికింద్రాబాద్, గురువారం, 16 సెప్టెంబరు 1948.

(సంతకం) శ్రీరామోజు జనార్దనాచారి

సాక్షులు:

తుకారాం, మున్షీ, రాంగోపాల్‌పేట్.

ఇస్మాయిల్, తండ్రి పీర్ మహమ్మద్. పతా: బన్సీలాల్‌పేట్, బావి గల్లీ. ఎప్పుడు పిలిచినా ఈడనే ఉంట.