బాలస్వామి ఎడమ కాలు

ఫిబ్రవరి 7, 1983. సోమవారం. ఆళ్లగడ్డ.

ఎరువుల కొట్టువాళ్లు ఈ డైరీ మా మణెమ్మ పెద్దమ్మకు ఊరికే ఇచ్చారు. ఆమెకు చదువు రాదు. పొయ్యిలోకి పోయేదాన్ని నేను తీసుకున్నాను. జనవరి పేజీలు అప్పటికే మంట రాజేయడానికి అయిపోయాయి. మంచిదే. జనవరి నాకు అక్కర్లేదు.

నా పేరు సామ్యేలు. వయసు ఇరవై మూడు. అయిదో తరగతితో బడి ఆపేశాను. మిగతా చదువంతా గోడల మీది రాతలు, బైబిలు, పొట్లాల కాగితాలు. తప్పులుంటాయి. ఉండనీ. ఇది చదివేవాడు ఎవడూ లేడు.

నంద్యాల బండల ఫ్యాక్టరీలో ఆరేళ్లు చేశాను. వదిలేసి పెద్దమ్మ ఇంటికి వచ్చి, ఓబులేసు అన్న దగ్గర రోళ్లు కొడుతున్నాను. ఆయన దేవుళ్ల విగ్రహాలు చెక్కుతాడు. నన్ను మాత్రం విగ్రహాల దగ్గరికి రానివ్వడు. నువ్వు సుత్తి పట్టుకుంటే రాయి కొట్టేటట్టు లేదప్పా, ఎవుర్నో సంపేటట్టుంది అంటాడు.

నిజమే. రోజంతా నేను కొట్టేది మేస్త్రీ రంగయ్యను.

ఫిబ్రవరి 8.

మూడు రోళ్లు. ఒకటి పగిలింది.

ఫిబ్రవరి 11. మధ్యాహ్నం.

అసలు సంగతి రాయకపోతే డైరీ ఎందుకు? రాస్తాను.

పెద్ద బండను మోయాలంటే అయిదుగురు కావాలి. ఇద్దరు ముందు, ఇద్దరు వెనక. అయిదోవాడు ఎదురుగా నిలబడి పాడతాడు. వాడు ఒక ముక్క అంటే నలుగురూ ఐలేసా అని ఒక అడుగు వేస్తారు. పాట ఆగిందంటే బండ దించమని అర్థం. ఎత్తేవాళ్లు వంగి ఉంటారు, వాళ్లకు బండ తప్ప ఏమీ కనపడదు. ఆ పని చెవులతో చేసేది. అందుకే బండ నేలకు ఆనేదాకా పాడేవాడు వేరే మాట మాట్లాడకూడదు. దగ్గు వచ్చినా మింగాలి. ఇది ఏ కాగితం మీదా రాసి లేదు. బండ మోసిన ప్రతివాడికీ తెలుసు.

మా జట్టులో పాడేది నేను.

జనవరి 12న బండ మోకాలి ఎత్తున ఉంది. ఏందిరా సామ్యేలూ, గుడ్‌ఫ్రైడే పాటనా అది, బేగా కానీ అని రంగయ్య వెనక నుంచి అన్నాడు. నాకు మండింది. పాట ఆపి, వెనక్కి తిరిగి, నీ అబ్బ వచ్చి మోస్తాడా అన్నాను. అంతే. నాలుగు మాటలు.

ముందున్న ఇద్దరూ పాట ఆగిందని దించేశారు. వెనకున్న ఇద్దరూ ఇంకా పట్టుకునే ఉన్నారు. ముందు కొస నేలకు తగిలేసరికి వెనక కొస వాళ్ల చేతుల్లోంచి ఊడింది. బాలస్వామి కుడి పాదం మీద పడింది.

బాలస్వామిదీ నాదీ ఒకటే ఊరు, మిడుతూరు. బడిలో ఒకటే బెంచీ. నన్ను ఫ్యాక్టరీలో చేర్పించింది వాడే. ఆస్పత్రిలో వాడి కాలు మోకాలి కింద తీసేశారు.

మేస్త్రీ అరుపుకు తడబడినాం సార్ అని జట్టువాళ్లు లేబర్ ఆఫీసరుకు చెప్పారు. నన్ను కాపాడటానికో, రంగయ్య మీద కసితోనో తెలియదు. నేనూ అదే చెప్పాను. అబద్ధం కాదు. సగం.

ఆస్పత్రికి పోలేదు. వాడి ఇంటికీ పోలేదు. పాట ఆపింది నేనని వాడికి తెలుసో లేదో తెలియదు. పోతే తెలుస్తుంది. అందుకే పోవడం లేదు.

మొన్న ఇక్కడ ఒక పీఠం కదిలించాల్సి వచ్చింది. బండల ఫ్యాక్టరీలో పాడేటోనివంట గదప్పా, ఒక ముక్క అందుకో అన్నాడు ఓబులేసు అన్న. నోరు తెరిచాను. గాలి వచ్చింది. పాట రాలేదు.

ఫిబ్రవరి 20. ఆదివారం.

చర్చికి పోలేదు. పగిలిన రోలు ముక్క ఒకటి పెరట్లో పడి ఉంది. దాన్ని తీసుకుని కాలు చెక్కడం మొదలుపెట్టాను. ఎందుకంటే చెప్పలేను. చేతులు ఊరుకోవడం లేదు.

బాలస్వామి పాదం నాకు కంఠతా వచ్చు. ఆరేళ్లు బండకు ఎదురుగా నిలబడి చూసింది అదే. చిటికెన వేలు పక్కవేలి మీదికి ఎక్కి ఉంటుంది. మడమ మీద పగులు, అందులో ఎప్పుడూ రాతిపొడి.

ఫిబ్రవరి 23.

ఓబులేసు అన్న చూశాడు. కాలొచ్చింది సరే, మనిషి యాడప్పా అన్నాడు. నంద్యాలలో ఉన్నాడు అన్నాను. ఆయన నవ్వబోయి నా ముఖం చూసి ఆగాడు.  పక్కన కూర్చుని, గోరును చెక్కొద్దు, గోరు చుట్టూ చెక్కు, గోరు అదే మిగుల్తాది అన్నాడు. చిన్న ఉలి తెచ్చి ఇచ్చాడు.

సాయంత్రం దాకా గోళ్లే. అంతసేపూ రంగయ్య గుర్తు రాలేదు. ఆ తర్వాత గుర్తొచ్చాడు. వాణ్ని మర్చిపోయినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

మార్చి 3.

లూదియా ఉత్తరం రాసింది. బాలస్వామి చెల్లెలు. నంద్యాలలో టీచర్ ట్రైనింగ్ చేస్తోంది.

అన్న ఎవరితోనూ మాట్లాడడంట. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంటాడంట. ట్రైనింగ్‌లో ఈమెకు పిల్లల కోసం ఒక చీటీల ఆట నేర్పారు. చీటీలో ఎవరి పేరు వస్తే వాళ్లమైపోవాలి. గ్లాసు మీద చెంచాతో కొట్టేదాకా వాళ్లలాగే మాట్లాడాలి. పరీక్ష కోసం ఇంట్లో అమ్మతో ఆడి చూస్తుంటే, బాలస్వామి మంచం మీది నుంచి చెయ్యి చాపి ఒక చీటీ అడిగాడంట. తహసీల్దారు వచ్చాడు. అర్ధగంట తహసీల్దారై అందర్నీ దబాయించాడంట. చెంచా కొట్టగానే మళ్లీ గోడ. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆడుతున్నారు. చీటీ చేతిలో ఉంటేనే మాట. తన పేరుతో ఒక్క మాట లేదు. నువ్వు రా సామ్యేలన్నా అని రాసింది.

ఒళ్లు మండింది. కాలు పోయినవాడితో ఆటలేంది? ఉత్తరం చింపేశాను.

తర్వాత ముక్కలు ఏరి ఈ పేజీలో అన్నం మెతుకులతో అతికించాను.

మార్చి 6. ఆదివారం. రాత్రి బస్సు దిగాక.

పోయాను. రాతి పాదం సంచిలో పెట్టుకుని, శిరివెళ్ల దాకా నిలబడే.

వాళ్లమ్మ మరియమ్మ తలుపు తీసింది. ఇప్పటికి దొరికిందా నాయనా దారి అంది. చెంబుతో నీళ్లిచ్చింది. బాలస్వామి గోడ వైపే ఉన్నాడు. వీపు సన్నబడింది.

లూదియా చీటీలు వేసింది. నాకు కండక్టరు వచ్చింది. బాలస్వామికి పాసింజరు. లేచి కూర్చున్నాడు. నన్ను నన్నుగా చూడలేదు, కండక్టరును చూసినట్టు చూశాడు. కోయిలకుంట్లకు ఒక టికెట్, సగం కొట్టు అన్నాడు. పిల్లోనివా సగం టికెట్‌కు అన్నాను. కాళ్లు లెక్కబెట్టుకో సామీ, మనిషినే సగమున్నా, పూర్తి చార్జీ ఎట్ల తీసుకుంటావ్ అన్నాడు. పక్కింటి రామమ్మ పడీపడీ నవ్వింది. మరియమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు టికెట్ కొట్టడానికి చెయ్యి రాలేదు.

చెంచా మోగింది. గోడ.

అప్పుడు సంచి విప్పి పాదాన్ని మంచం మీద పెట్టాను. నేనే చెక్కినా అన్నాను. చాలాసేపటికి ఇటు తిరిగాడు. చిటికెన వేలు తడిమాడు. మడమ పగులు తడిమాడు. తలకిందులు చేసి చూశాడు. తర్వాత, చేతిలో ఏ చీటీ లేకుండా, ఇది ఎడమ కాలు గదరా అన్నాడు. ఇది నాకుంది.

నిజమే. ఎడమ కాలే.

మరియమ్మకు వచ్చింది నవ్వో ఏడుపో తెలియలేదు. నేను చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బయటపడ్డాను.

బస్సులో అర్థమైంది. ఆరేళ్లూ నేను వాడికి ఎదురుగా నిలబడ్డాను. వాడి కుడి నాకు ఎడమ పక్క. పెరట్లో కుడి కాలని గుర్తు చేసుకుంటూ నేను చెక్కింది నా కుడి పక్కది. వాడు నిలబడిన చోట ఒక్కసారి కూడా నిలబడలేదు నేను.

మార్చి 13. ఆదివారం.

పోలేదు. రెండు రోళ్లు.

మార్చి 20. ఆదివారం.

అంతా రాస్తాను, మర్చిపోకముందే.

ఈసారి చీటీలు బాలస్వామే రాసి పెట్టుకున్నాడు. రెండే. ఒకటి నాకిచ్చాడు, ఒకటి తన దగ్గర ఉంచుకున్నాడు. నాదాంట్లో బాలస్వామి అని ఉంది. వాడిది తిప్పి చూపించాడు. సామ్యేలు.

చంకకర్రలు తీసుకుని లేచాడు. ఇంట్లో వాడు వాటి మీద నిలబడటం అదే మొదలంట, మరియమ్మ పట్టుకోబోతే వద్దని తల ఊపాడు. వాకిట్లోకి మంచం తెమ్మన్నాడు. మంచమే బండ. ముందు లూదియాను, రామమ్మను పెట్టాడు. వెనక వాళ్లమ్మను, నన్ను. నన్ను కుడి మూలకు జరిపాడు. అది వాడి మూల. తను ఎదురుగా పోయి నిలబడ్డాడు. నేను పాడితే ఐలేసా అనండి, ఆగితే దించండి అని ఆడవాళ్లకు చెప్పాడు. ఇంకేమీ చెప్పలేదు.

పాడాడు. అది నా గొంతు. ముక్క చివర నేను ముక్కుతో సాగదీస్తానని నాకే తెలియదు. వాడు సాగదీశాడు. మంచం మోకాలి ఎత్తుకు వచ్చింది. వంగి ఉంటే నాకు నులక తప్ప ఏమీ కనపడలేదు. చెవులే మిగిలాయి.

పాట మధ్యలో ఆగింది. నీ అబ్బ వచ్చి మోస్తాడా అన్నాడు, ఎటో తిరిగి.

అక్షరం పొల్లు పోలేదు. మొదటి నుంచీ తెలుసు వాడికి.

లూదియాకు ఏమీ తెలియదు. రామమ్మకూ తెలియదు. పాట ఆగిందని ఇద్దరూ మంచం దించేశారు. నా మూల చేతిలోంచి ఊడి, మంచం కోడు నా కుడి పాదానికి వేలెడు దూరంలో పడింది. రెండు నెలల నుంచి మేస్త్రీని తిడుతున్నాను. ఇద్దరు ఆడవాళ్లు ఒక్క క్షణంలో చూపించారు, మేస్త్రీ అరుపు లేకున్నా పాట ఆగితే ఎవరైనా దించేవాళ్లే అని.

లూదియా చెంచా చేతిలోకి తీసుకుంది. కొట్టలేదు.

నేను బాలస్వామిని కాబట్టి బాలస్వామిగానే మాట్లాడాలి. పాట ఆపింది నువ్వే గదరా అన్నాను. అవును, నేనే ఆపినా అన్నాడు సామ్యేలు. ఆస్పత్రికి ఎందుకు రాలేదురా అన్నాను. భయమేసింది, నా మొగం నీకు చూపించలేకపోయినా అన్నాడు. రెండు నెలల నుంచి నా నోట్లో ఉన్న మాట, వాడి నోట్లోంచి వచ్చింది.

  వాడు ముందుకు వంగి, నాటకంలో మాట మర్చిపోయినవాడికి అందించేవాడిలా మెల్లగా, తిట్రా, నేనైతే తిడతా అన్నాడు.

తిట్టాను. సామ్యేలును నాకు తెలిసిన అన్ని మాటలతో తిట్టాను. మరియమ్మ చెవులు మూసుకుని, ఆదివారమురా, దేవుని దినమురా అని మొత్తుకుంది. తిడుతూనే ఏడ్చాను. గొంతు పోయేదాకా.

లూదియా చెంచా కొట్టింది.

బాలస్వామి చీటీ కింద పెట్టాడు. గోడ వైపు పోలేదు. మంచం మీద కూర్చుని, అమ్మా ఆకలైతాంది, ఏముంది అన్నాడు. కొర్రన్నం ఉంది అంది మరియమ్మ, పరుగెత్తుతూ.

తింటూ నాతో అన్నాడు. నాకింకా కోపం పోలేదురా. నువ్వు తిట్టింది ఏం సరిపోలేదు. వచ్చే వారం నా చీటీ నాకే ఇయ్యి.

మార్చి 27. ఆదివారం.

వాడి చీటీ వాడికే ఇచ్చాను. గంటసేపు తిట్టాడు. ఎదురుగా కూర్చుని విన్నాను. అవి రాయను. అవి నావి.

పాదం వాళ్ల గుమ్మం దగ్గర ఉంది. గాలికి తలుపు కొట్టుకోకుండా ఆనించారు. బరువు బాగుంది అంది మరియమ్మ.

ఏప్రిల్ 6.

ఆత్మకూరు పోయే విగ్రహం లారీ ఎక్కించాం. పాడింది నేను. దోవలో ఎవడో, ఈనెవరప్పా, కీర్తన అందుకున్నాడు అని ఎగతాళి చేశాడు. విగ్రహం లారీ మీద ఆనేదాకా పాడుతూనే ఉన్నాను. తర్వాత కిందికి దిగి వాణ్ని తిట్టాను.

ఓబులేసు అన్న మంచి రాయి ముక్క ఒకటి ఇచ్చాడు. రోలుది కాదు.

ఏప్రిల్ 10. ఆదివారం. నంద్యాల.

కుడి కాలు మొదలుపెట్టాను. వాడి పక్కన కూర్చుని, వాడు చూసే వైపే చూస్తూ.