మెత్త విప్పిన రోజు

వనపర్తి,
ఆగస్టు, 2004.

ప్రియమైన నస్రీన్‌కు,

మీ అమ్మను, దువా చేసి రాస్తున్నాను. ఇక్కడ మేమందరం క్షేమం. రాయచూరులో నువ్వూ అల్లుడూ క్షేమమని తలుస్తాను. ‘క్షేమం’ అన్న మాట కొట్టేద్దామనుకున్నాను బిడ్డా. కొట్టేస్తే నువ్వు మొదటి బస్సు ఎక్కేస్తావని ఉంచాను. ఏడో నెలలో ఆ కుదుపులు నీకొద్దు.

మీ నాయన పెబ్బేరు సంతలో దూది కొన్నాడు. తడి దూది అంటగట్టారని రెండు రోజులు ఒకటే తిట్లు. తిన్నది మాత్రం నేను. పరుపుల పని పరవాలేదు, పెళ్లిళ్లున్నాయి.

“తమ్ముడి జబ్బు నా కడుపులో బిడ్డకు వస్తుందా” అని అడిగావు. పాలమూరు డాక్టరుని అడిగాను. “దగ్గరి రక్తసంబంధం ఉంటే అవకాశం కొంచెం ఎక్కువే, కానీ చాలామందికి రాదమ్మా” అన్నాడు. నాకు సగమే అర్థమైంది. ఆ సగంతోనే ధైర్యంగా ఉండు.

జబ్బు పేరు స్కిజోఫ్రీనియా అట. మీ నాయనకు నోరు తిరగక ‘ఆ జబ్బు’ అంటున్నాడు. మనకు వినబడని గొంతు అబ్రార్‌కు నిజంగానే వినబడుతుందట. వాడు నటించడం లేదట, అది మన పెంపకం తప్పూ కాదట. “వాడితో వాదించకండి, అలాగని అవుననీ అనకండి” అన్నాడు డాక్టరు. రెండూ అనకపోతే మరేమనాలో బస్సు దిగేదాకా ఆలోచించినా నాకు తోచలేదు.

తల కింద పెట్టుకునే మెత్త గురించి వాడిది ఒకటే మాట. “నా మెత్తల ఎవరో ఏందో పెట్టిన్రు. గదే నన్ను తిడుతుంది.” ఆ పట్టుదల మీద డాక్టరిచ్చిన గోలీలు మానేశాడు. పోయిన ఎండాకాలం ఇలాగే మానేసి ఇల్లు విడిచిపోతే, పాన్‌గల్ తోవలో కాళ్లు బొబ్బలెక్కి దొరికాడు కదా. ఈసారి దొరుకుతాడో లేదోనని నాకు ఒకటే గుబులు.

శుక్రవారం నమాజు నుంచి వచ్చాక మీ నాయనకు సహనం పోయింది.

“నేను కుట్టిన మెత్తరా గది! దూది తప్ప ఏముంటది? విప్పి చూపిస్త. ఏం లేకుంటే గోలీ ఏసుకుంటవా?”

“ఏసుకుంట” అన్నాడు అబ్రార్.

నేను వద్దన్నాను, మంచి మెత్త పాడవుతుందన్నాను. ఆయన వింటే కదా! కుట్లు తెంపి దూదంతా చాప మీద పోశాడు. అందులోంచి నల్లదారం చుట్టిన రాగి తాయెత్తు ఒకటి పడింది.

మీ నాయన ముఖం పాలిపోయింది. “ఎవరో చేతబడి చేసిన్రే తాజ్‌బీ!” అని వణికాడు. ఇంట్లో వణకనిది అబ్రార్ ఒక్కడే. “చెప్పిన గద” అని లేచి పోయాడు.

నస్రీన్, అది పెట్టింది నేనే. వాడికి నిద్ర పట్టకుండా పోయిన కొత్తలో గట్టు ఊరి వైపు దర్గా నుంచి తెచ్చాను. మెడలో కట్టుకోనన్నాడని మెత్తలో పెట్టి, మీ నాయన కుట్టులాగే కుట్టేశాను. గొంతులు అంతకు ముందే మొదలయ్యాయి. అది నాకు బాగా తెలుసు. అయినా నావల్లే ముదిరిందేమోనని మనసు పీకుతోంది. వాడికి జబ్బు, మాకు బుద్ధి ఉందనుకున్నాం. శుక్రవారం వాడి మాటే నిజమైంది. ఇక ఏది జబ్బో ఏది కాదో నాకు తెలియడం లేదు.

ఈ పొద్దున గోలీ పట్టుకుని వాడి పక్కన కూర్చున్నాను.

“నేనే పెట్టిన బిడ్డా. నీకు నిద్ర పట్టాలని.”

కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు, అడిగాడు. “మెత్తల ఉన్నది నిజమే గద. మరి అది మాట్లాడేది గూడ నిజమేనా అమ్మా?”

ఇన్నాళ్లూ వాడు మాకు చెప్పేవాడు. అడగడం ఇదే మొదలు. అవునంటే ఒక తంటా, కాదంటే ఒక తంటా.

“నీకు వినబడుతుందని నమ్ముతున్న. నాకైతే వినబడదు.”

“ఒక్కసారి పండుకొని విను.”

దూది కూరి మళ్లీ కుట్టిన అదే మెత్త మీద తల పెట్టాను. పొయ్యి మీద అన్నం మాడుతున్నా లేవలేదు. చెవులు రిక్కించి విన్నాను.

“ఏమన్న వినబడుతుందా?”

“లేదు బిడ్డా.”

“మంచిదే. నిన్ను తిడుతలేదు” అన్నాడు. ఆ మాటంటూనే నా చేతిలోని గోలీ తీసుకుని మింగాడు. ఎందుకు మింగాడో నాకు అర్థం కాలేదు నస్రీన్. నేను మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఇట్లు,
మీ ఇద్దరినీ కన్న
అమ్మ తాజ్‌బీ