ఖాళీ ఉయ్యాల

శ్రావణం, గురువారం రాత్రి, బందరు

పుట్టింటి నుంచి పాపతో వచ్చేశాను. పడుకున్నా ఇంకా కారులోనే ఊగుతున్నట్టుంది.

పొద్దున అవనిగడ్డలో ఆ చిన్న కారులో సారె బుట్టలు, బిందె, పేము ఉయ్యాల సర్దేసరికి ఈయనకి చెమటలు పట్టాయి. మా పెద్దది చిన్ని, అక్కడ మచ్చిక చేసుకున్న కుక్కపిల్లని చంకనేసుకుని నిలబడింది.

"దానికి చోటెక్కడుందే? అమ్మమ్మ దగ్గరే ఉంటుందిలే," అన్నారీయన.

చిన్ని ఏడవలేదు. అదే నాకు నచ్చలేదు.

ముందు సీట్లోంచి అత్తయ్యగారు వెనక్కి తిరిగారు. "ఖాళీ ఉయ్యాల అలా ఊగుతూ రాకూడదురా అబ్బాయ్, బిడ్డకి మంచిది కాదు. ఆ కుక్కపిల్లని అందులో పడుకోబెట్టు!"

కుక్క గడప తొక్కితే పసుపునీళ్ళు చల్లే మనిషి!

చల్లపల్లి దాటాక సన్నగా వాన. పచ్చటి చేలన్నీ అద్దం మీద కరిగి జారిపోతున్నాయి. ఒళ్ళో పాప, ఉయ్యాల్లో కుక్కపిల్ల ఒక్కలాగే నిద్రపోయాయి. అప్పుడు చిన్ని నా చెవిలో అడిగింది: "అమ్మా, ఇంకో పాప పుడితే నన్ను అమ్మమ్మ దగ్గర ఉంచేస్తారా?"

దగ్గరికి లాక్కున్నాను. జవాబు చెప్పేలోపే నిద్రపోయింది.

ఇప్పుడు నా పక్కనే ఉంది. మంచం నిండా చోటున్నా, అంచున ముడుచుకుని పడుకుంది.