శిక్షబల్ల తలుపు

లిప్నిక్,
2018 మార్చి 4, ఆదివారం.

చిరంజీవి రాస్తోకి,

నిన్నూ, బిబియానానీ, పాపనీ దేవుడు చల్లగా చూడాలని కోరుకుంటూ ఇమ్రో బాబాయ్ రాస్తున్నాను. మేమిద్దరం క్షేమం. మీ పిన్ని మార్గిత మోకాలు చలికి కాస్త మొండికేస్తోంది, అంతే.

ముందుగా నా చేతిరాతను మన్నించు. మా ఊరి బడిలో పొయ్యికి కట్టెలు మోసినంతగా అక్షరాలు దిద్దలేదు. ఆ తర్వాత బతుకంతా రంపపు మిల్లులోనే గడిచింది. ఈ వేళ్లకి దుంగ దొరికితే పట్టుకుంటాయి గానీ కలం జారిపోతోంది. తప్పులుంటే నువ్వే దిద్దుకుని చదువుకో. తను రాసిపెడతానని మార్గిత అంది. వద్దన్నాను.

ఇక్కడ ఇంకా మంచు కరగలేదు. పోయిన నెల పందిని కోశాం. నీ వాటా సాసేజీలు అటకమీద పొగకి వేలాడుతున్నాయి. అడిగినవాళ్లందరికీ అవి రాస్తోవి అని చెప్పి మార్గిత తరిమేస్తోంది.

సంగతికి వస్తాను. పదహారో తారీఖు శుక్రవారం, సీజన్‌లో ఆఖరి ఐస్ హాకీ మ్యాచికి ముందు, నీ ఇరవై ఏడో నంబరు జెర్సీని గౌరవంగా స్టేడియం పైకప్పుకి ఎత్తి వేలాడదీస్తామని క్లబ్బువాళ్లు కబురు పంపితే రానన్నావట. ట్రోఫీ తెచ్చినవాడి జెర్సీ ఎత్తుకోండి, పోగొట్టినవాడిది ఎందుకు అన్నావట. క్లబ్బు సెక్రటరీ వచ్చి, ఇమ్రో బాబాయ్, వాడు నీ మాటైతే వింటాడు, ఓ ముక్క రాసి చూడు అన్నాడు. నాకు మాటలే లేవు, ఇక వినేదేముంది అన్నాను. అయినా రాస్తున్నాను.

ఆటల్లో తప్పు చేసినవాణ్ని శిక్షబల్ల మీదికి రానివ్వడం, టైమైపోగానే గడియ తీసి మంచుమీదికి వదలడం, ఇదే నా పని. దానికి మాటలు అక్కర్లేదనే ఒప్పుకున్నాను. నువ్వు మొదటిసారి వచ్చినప్పుడు నీకు పద్దెనిమిదేళ్లు. చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఇంటికి పంపేస్తారా బాబాయ్ అని అడిగావు. ఎక్కడికీ పంపరు, రెండు నిమిషాలు కూర్చుని మళ్లీ వెళ్లి తన్నులు తిను అన్నాను. ఇమ్రో బాబాయ్ ఇంత పొడుగు మాట ఇంకెప్పుడూ అనలేదని ఆ తర్వాత ఊరంతా చెప్పుకుని నవ్వావు.

అందరూ ఆటని పైనించి చూస్తారు. నేను నిన్ను పక్కనించి చూశాను. గోల్ కొట్టినవాడి పేరు మైకులో మోగుతుంది. నీ పేరు మైకులో వినపడితే అది శిక్షకే. కానీ నువ్వు వెనక్కి జారుతూ, ఎదురుగా వచ్చేవాడికి లోపలికి రమ్మన్నట్టే దారి ఇచ్చి, మెల్లిగా మైదానం అంచున ఉన్న చెక్కగోడ దగ్గరికి తీసుకెళ్లి అక్కడ మూసేసేవాడివి. వాడికి తను ఎక్కడ దారి తప్పాడో తెలిసేది కాదు. గోడని అడుగుతున్నట్టు దాని వంక చూసేవాడు. అది చూసినప్పుడల్లా నాకు లోపల నవ్వొచ్చేది. రాస్తో ముందుంటే నేను టీ తాగుతూ కాపలా కాయొచ్చని మన గోల్‌కీపర్ అనేవాడు.

ఓసారి దూసుకొచ్చిన రబ్బరు బిళ్లకి, అదే పక్‌కి అడ్డంగా పడుకుని రెండు పళ్లు పోగొట్టుకున్నావు. దెబ్బ తిన్నది నువ్వు, పైగా రిఫరీని ఏదో అన్నావని శిక్ష కూడా నీకే. వచ్చి ఆ పళ్లు నా చేతి తొడుగులో వేసి, ఇవి దాచు బాబాయ్, పెళ్లికి ముందే బిబియానా చూస్తే మానేస్తుంది అన్నావు. దాచాను. ఆ పిల్ల మానలేదు. పెళ్లి ఫొటోలో మాత్రం నువ్వు నోరు మూసుకునే ఉన్నావు.

పక్కనే అవతలి జట్టు శిక్షబల్లమీద కూర్చున్న పైఊరి భీముడొకడు ఓరోజు నిన్ను రెచ్చగొట్టాడు, గుర్తుందా? ఒరే పల్లెటూరి మొద్దూ, మీ ఊరి ఆవులు నీకంటే వేగంగా వెనక్కి నడుస్తాయిరా అని. నువ్వు కాసేపు ఆలోచించి, ఆవు వెనక్కి నడవదు, నువ్వు ఎప్పుడైనా ఆవుని చూశావా అని అడిగావు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగావు. వాడు ముందు తిట్టబోయి, తర్వాత నవ్వి, ఆఖరికి మార్గిత పంపిన గసగసాల రొట్టె నీ దగ్గర సగం తీసుకుని తిన్నాడు. వాళ్ల కోచ్ అవతలి నుంచి అరుస్తూనే ఉన్నాడు.

పెద్ద లీగువాళ్లు పిలిస్తే వెళ్లి, రెండేళ్లకే తిరిగొచ్చావు. ఏంరా అంటే, అక్కడ శిక్షబల్ల దగ్గర టీ ఇవ్వరు బాబాయ్ అన్నావు. క్లబ్బు మునిగిపోతోందని విని వచ్చావని అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు. నువ్వూ అననివ్వలేదు.

ఇక ఆ ఫైనల్. రాయకుండా ఉండలేను.

ఆట అయిపోవస్తోంది, స్కోరు సమానం. మన గోల్ ముందు అందరూ కుప్పగా పడ్డారు. లేచేసరికి అవతలివాడి మొహంనిండా రక్తం. పక్కనే నీ కర్ర రెండు ముక్కలై పడుంది. రిఫరీ కర్రని చూశాడు, నిన్ను చూశాడు, రక్తం వచ్చింది కాబట్టి రెండింతలు, నాలుగు నిమిషాలు అన్నాడు. నువ్వు ఒక్క మాట అనకుండా నా దగ్గరికి వచ్చేశావు. కూర్చుని నాతో ఒక సంగతి చెప్పి, తలమీద తువాలు కప్పుకున్నావు. మనకి ఒకడు తక్కువైన ఆ నాలుగు నిమిషాల్లోనే వాళ్లు గోల్ కొట్టారు. నేను తలుపు తీసేసరికి ట్రోఫీ వాళ్లదైపోయింది.

ఆ రోజు నుంచి ఊరు నీకు పేరు మార్చింది. బీరు దుకాణంలో నువ్వు గ్లాసు అడిగితే, నాలుగు నిమిషాల్లో తెస్తాం సార్ అనేవాళ్లు. రొట్టెల దుకాణం దగ్గర ముసలమ్మలు సైతం, జరగండమ్మా, నాలుగు నిమిషాలగారు వచ్చారు అనేవారు. సొంత స్టేడియంలో నువ్వు శిక్షకి వస్తుంటే మనవాళ్లే ఎగతాళిగా ఈలలు వేసేవారు. నువ్వు టోపీ సర్దుకుని కూర్చునేవాడివి. మరుసటి ఏడూ ఆడావు, ఆ తర్వాతా ఆడావు, మోకాలు చిరిగిపోయేదాకా ఇదే ఊరికి ఆడావు. వాళ్ల పిల్లలకి వెనక్కి జారడం నేర్పావు. ఈల వేసినవాడి కొడుకుని చెయ్యి పట్టుకుని తిప్పడం నేను చూశాను.

ఆ రోజు నువ్వు చెప్పిన సంగతి నేను మార్గితకి కూడా చెప్పలేదు. ఆమె అడగని పండగ లేదు.

ఇప్పుడు నీ జెర్సీ ఎత్తాలని పట్టుబట్టింది కొత్త కోచ్ ఎరిక్. ఆ ఫైనల్లో నీ పక్కన ఆడిన కుర్రాడే. ఆట కాగానే స్వీడన్ వాళ్లు తీసుకుపోయారు కదా, పేరు తెచ్చుకుని ఈ ఏడే తిరిగొచ్చాడు. కమిటీలో కొందరు గొణిగితే, రాస్తో జెర్సీ ఎక్కని పైకప్పు కింద నేను కోచ్‌గా నిలబడను అన్నాడట.

నువ్వు రా. ఊరి కోసం రమ్మనడం లేదు. దుంగల లారీ తోలుకుంటూ, ఈ ఊరి పేరున్న బోర్డు వచ్చినప్పుడల్లా చుట్టుదారిన పోతున్నావని బిబియానా మార్గితకి చెప్పి ఏడ్చింది. ఇంత మంచిగా ఆడినవాడు తన సొంత మంచుమీదికి రాలేకపోవడం నాకు మింగుడు పడటం లేదు. నా వయసు కూడా చూడు. వచ్చే సీజన్‌కి ఆ తలుపు దగ్గర ఎవరుంటారో తెలియదు.

పాతవాళ్లంతా ఆటగాళ్ల బెంచీ వైపు నుంచి వస్తారు. నిన్ను మాత్రం మన శిక్షబల్ల తలుపులోంచి మంచుమీదికి పంపాలని అడిగాను. నవ్వారు. తర్వాత సరే అన్నారు.

బిబియానాకి మా ఇద్దరి ఆశీస్సులు. పాపకి ముద్దులు.

ఇట్లు,
నీ మేలు కోరే
ఇమ్రో బాబాయ్
(ఇమ్రిఖ్ జావాత్స్కీ)

తా.క. ఇది నిన్ననే మడిచి పెట్టాను. ఈ రోజు మళ్లీ విప్పాల్సి వచ్చింది.

ఎరిక్ వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మార్గిత పోసిన ప్లమ్ పళ్ల సారా నిలబడే తాగి, బాబాయ్, ఆ రోజు వాడి మొహానికి తగిలింది నా కర్ర అన్నాడు. నాకు తెలుసు అన్నాను. కుర్రాడు ఖాళీ గ్లాసు మళ్లీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

నాకెందుకు తెలియదు? శిక్షకి వచ్చిన ప్రతిసారీ నీ కర్ర నా చేతికిచ్చి కూర్చునేవాడివి. ఆ రోజు ఖాళీ చేతులతో వచ్చావు. అంతకుముందే నా కళ్లెదుటే పక్‌కి అడ్డం పెట్టి కర్ర విరగ్గొట్టుకున్నావు. విరిగిన కర్రతో ఆడకూడదు కాబట్టి వదిలేశావు. చేతిలో కర్రే లేనివాడు ఎవరి మొహం పగలగొడతాడు? కింద పడున్న ముక్కలు చూసి రిఫరీ నమ్మాడు, ఊరూ నమ్మింది. నువ్వు నా పక్కన కూర్చుని, వాడికి పంతొమ్మిదేళ్లు బాబాయ్, స్వీడన్ వాళ్లు వాణ్ని చూడటానికే వచ్చారు, నాకు ఈ బల్ల అలవాటే, నువ్వేం చూళ్లేదు అన్నావు. చూళ్లేదు అన్నాను.

నేను మాట తప్పలేదు, వాడే చెప్పాడు. రిఫరీతో చెప్పబోతే రాస్తో అన్న బల్లమీద నుంచి చూసి తల అడ్డంగా ఊపాడు, ఇప్పటికీ కళ్లు మూసుకుంటే అదే కనపడుతుంది అన్నాడు. శుక్రవారం మైకు పట్టుకుని ఊరందరికీ చెబుతాడట, నువ్వొచ్చినా రాకపోయినా. నువ్వు మళ్లీ తల ఊపితే ఈసారి విననని చెప్పమన్నాడు. ఇదంతా తలుపు చాటు నుంచి విన్న మార్గిత నాతో మాట్లాడటం మానేసింది. నీకు మాత్రం ఇంకో సాసేజీ దండ కట్టింది.

వెళ్తూ వెళ్తూ ఎరిక్ ఒక్కటి అడిగాడు. నువ్వు మంచుమీదికి వచ్చేటప్పుడు ఆ తలుపు తను తీస్తానన్నాడు. నీకు ఆ గడియ ఇంతవరకూ నేను తప్ప ఎవరూ తియ్యలేదు. ఆ పని వాడికే ఇచ్చేశాను. సాయంత్రం స్టేడియానికి తీసుకెళ్లి చూపించాను. కొంచెం పైకెత్తి లాగాలి, లేకపోతే పట్టేస్తుంది. ఇద్దరు ముగ్గురు చూస్తున్నా వాడు సిగ్గుపడకుండా మళ్లీ మళ్లీ తీసి చూసుకున్నాడు.

వస్తున్నావో లేదో వెంటనే ఒక ముక్క రాయి నాయనా. గడియకి నూనె వెయ్యాలి.