చల్లారడానికి నలభై నిమిషాలు

బావకి,

క్షేమ సమాచారాలు అడగను. నలభై ఒక్క ఏళ్ల కిందట, ఆ నేలమాళిగ ప్రయోగశాలలో, "వ్యాసం మీద రెండు పేర్లుంటాయిరా, నీదే ముందు" అని నా చేతిలో చెయ్యేసి చెప్పావు. అచ్చయి వచ్చినప్పుడు ఒక్క పేరే ఉంది. నీది. మొన్న గ్రంథాలయంలో ఒక కొత్త పుస్తకం తిరగేస్తుంటే మన అంకెలు కనిపించాయి. ఇంకా వాడుతున్నారు. కింద నీ పేరొక్కటే. పాత పుండు రేగింది, అందుకే ఈ ఉత్తరం.

ఒకదానిలో ఒకటి దూర్చిన ఆ రెండు ఇత్తడి గొట్టాలు గుర్తున్నాయా? మధ్యలో గోరు మందం సందు. వాటిని దళసరి ఉక్కు పాత్రలో బిగించి, గ్యాసు ఎక్కించి, ఆ సందులో ఎంత విద్యుదావేశం నిలుస్తుందో కొలిచేవాళ్లం. ఒత్తిడి పెంచేకొద్దీ అంకె వెంట్రుకవాసి కదిలేది. ఆ వెంట్రుకవాసి కోసమే మన వయసంతా ధారపోశాం. ఎక్కించిన ప్రతిసారీ గ్యాసు వేడెక్కేది. అది చల్లారి, ఒత్తిడి ముల్లు నిలకడగా నిలిచేదాకా నలభై నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. "ఒత్తిడి పెడితే ఎవడికైనా ఒళ్లు మండుతుందిరా, చల్లారేదాకా పలకరించకు" అనేవాడివి. అలాంటి ఒక నలభై నిమిషాల్లోనే నా చెల్లెల్ని చేసుకుంటానని అడిగావు. "అడిగేదేదో ముల్లు నిలిచాక అడుగు, చెయ్యి వణికితే రీడింగు పోతుంది" అన్నాను. నవ్వీ నవ్వీ ఆ రీడింగు నిజంగానే పోగొట్టాం.

తర్వాత చాలా చదివాను, చాలామందికి పాఠాలు చెప్పాను, అంతకంటే ఎక్కువమందితో తగువు పడ్డాను. నలభై నిమిషాలు నా పక్కన ఊరికే కూర్చునేవాడు మళ్లీ దొరకలేదు. ఇది పొగడ్త అనుకునేవు, నేరారోపణ. మీ ఇంటినుంచి వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ విప్పకుండా తిప్పి పంపాను. ఈసారి రాస్తే విప్పుతాను. ఎందుకు చేశావో చెప్పు.

ఒకప్పటి నీ సావాసగాడు

*

అన్నయ్యా,

తిట్టడానికే అయినా ఉత్తరం రాశావు. కవరు మీద నీ దస్తూరీ చూసి, ఆయన పేరున వచ్చినా నేనే విప్పాను.

మీ బావ పోయి పద్నాలుగు నెలలైంది. ఆ కబురు మోసుకొచ్చిన ఉత్తరాన్ని కూడా నువ్వు విప్పకుండానే తిప్పి పంపావు. నువ్వడిగినదానికి జవాబు నాకు తెలీదు. ఆయన బీరువాలో దాచిన నోటుపుస్తకం ఒకటుంది. "మీ అన్న ఎందుకని అడిగితే ఇవ్వు, అడక్కపోతే నాతోనే పోనీ" అనేవారు. అడిగావు కాబట్టి పంపుతున్నాను. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే. మధ్యలో నలిగింది నేను.

నీ చెల్లి

*

చెల్లీ,

పుస్తకం అందింది. అప్పటి మా రీడింగుల పుస్తకమే అది. ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి నీకు చెప్పాలి. ఆ రోజుల్లో మీ ఆయన జ్వరంతో నాలుగు రోజులు రాలేదు. రీడింగులన్నీ నేనొక్కణ్ణే తీశాను. పక్కన ఆ కుర్చీ ఖాళీగా ఉంటే నలభై నిమిషాలు నావల్ల కాలేదు. పది నిమిషాలకే, ముల్లు ఇంకా కిందికి దిగుతుండగానే, అంకె రాసుకుని లేచిపోయాను. ఎంతసేపు ఆగామో రాసే గడిలో మాత్రం "నలభై" అని వేసి సంతకం పెట్టాను. కొన్నాళ్లకు నిజంగానే నలభై కూర్చున్నానని నమ్మేశాను కూడా.

ఇప్పుడు చూస్తే, అందులో నా ప్రతి నలభై పక్కనా మీ ఆయన చేత్తో, పెన్సిలుతో "పది" అని ఉంది. గ్యాసు చల్లారకముందే తీసిన అంకెలు మిగతావాటితో వరస కలవకపోవడం చూసి పట్టేశాడు. ఆ వేసవిలో నేను ఊళ్లో లేనప్పుడు వాటన్నిటినీ తనొక్కడే మళ్లీ తీశాడు. చివరి పేజీలో ఇలా రాసుకున్నాడు: "వాడి పేరు వేస్తే ప్రయోగశాల పెద్దాయన వాడు సంతకం పెట్టిన పేజీలు అడుగుతాడు. చూస్తే ఉద్యోగం పీకేస్తాడు. పేరు పోతే పోయింది, ఉద్యోగం ఉండాలి. చెబితే సిగ్గుతో నా మొహం చూడడు. ఒంటరిగా కూర్చోలేకపోయాడు, వెర్రి వెధవ."

చెప్పకపోయినా చూడలేదు కదా, చెల్లీ.

నిన్న గడియారం ఎదురుగా పెట్టుకుని, ఆ పేజీ ముందు నలభై నిమిషాలు కూర్చున్నాను. ఈ వయసుకి చేతనైంది. వచ్చే వారం మీ ఇంటికి వస్తున్నాను. ఆయన కూర్చునే కుర్చీ అక్కడే ఉంచు. తిరిగొచ్చిన ఉత్తరాలు పారెయ్యకపోతే అవీ ఉంచు.

అలాగని నేను చల్లారిపోయాననుకోకు. పెద్దాయన్ని ఏమీ అనను, ఆయన నియమం ఆయనది. నా దొంగతనం నేను ఒప్పుకున్నాను. కానీ ఆ వేసవి చివర ఒక్కసారి వచ్చి, తలుపు దబదబా బాది, "ఒరే దొంగా, పదికే లేచిపోయావు కదూ" అని అరిచి ఉంటే ఏం పోయేది? రెండు రోజులు అలిగేవాణ్ణి. మూడోనాడు పక్కన కుర్చీ లాక్కుని కూర్చునేవాణ్ణి. నా పరువు కాపాడాడట! ఎవడడిగాడు? నలభై ఒక్క ఏళ్లు నాకు బాకీపడ్డవాడు ఒక్కడే, ఎప్పటికీ క్షమించను: మీ ఆయన.

మీ అన్న